‘కళ్ళు తిరగడం’ – లోపలి చెవి సమస్యల్లో సమతుల్యతా పరీక్షలు: రోగి మాట, పరీక్షకుని చూపు

వ్యాససంగ్రహం:

లోపలి చెవిలోని సమతుల్యతా వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు కలిగే బాధను తెలుగువారు ఎక్కువగా ‘కళ్ళు తిరగడం’, ‘తల తిరగడం’ అనే మాటలతో చెబుతారు. స్పృహ తప్పబోవడం, నీరసం, నడకలో పట్టు తప్పడం వంటి వేరు స్థితులకు కూడా ఇవే మాటలు వాడుకలో ఉన్నాయి. అందువల్ల రోగి చెప్పిన మాట ఒకటి, విన్నవారు గ్రహించినది మరొకటి కావడానికి అవకాశం ఎక్కువ. లోపలి చెవి సమతుల్యతను పరీక్షించే ప్రధాన పద్ధతులు ఏ సూత్రంపై పనిచేస్తాయో, వాటి పరిమితులేమిటో వివరిస్తూ, ఆ పరీక్షల్లో రోగి భాషకున్న స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: లోపలి చెవి, సమతుల్యత, కళ్ళు తిరగడం, నిస్టాగ్మస్, డిక్స్-హాల్‌పైక్ పరీక్ష, కెలోరిక్ పరీక్ష, ప్రశ్నావళి అనువాదం, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

మా అమ్మ మూడేళ్ళపాటు మంచం మీద వెల్లకిలా పడుకోలేదు. పడక కుర్చీలో తలగడలు ఎత్తుగా పెట్టుకుని, కూర్చున్నట్టే నిద్రపోయేది. “వాలితే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి” అన్నది ఆమె చెప్పిన మాట. ఆ మాటను వైద్యుల దగ్గర నేను ‘నీరసంగా ఉంటోందట’ అని మార్చి చెప్పాను. ఒకచోట రక్తపోటు తగ్గిందన్నారు, మరొకచోట నరాల బలహీనత అన్నారు, ఇంకొకచోట మెడ ఎముకలు అరిగాయన్నారు. మూడుచోట్లా మాత్రలు ఇచ్చారు. చివరికి ఒక ఆడియాలజిస్టు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు తిప్పి, వెనక్కి వాల్చి, ఆమె కళ్ళలోకి చూశారు. నిమిషం పట్టని ఆ పరీక్షతో కారణం తెలిసింది. మరికొన్ని నిమిషాల్లో చికిత్స కూడా అక్కడే పూర్తయింది.

‘వాలితే చాలు’ అన్న షరతును వదిలేసి, ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న అనుభవాన్ని ‘నీరసం’గా మార్చింది తెలుగులో పరిశోధన చేసిన నేనే. ఆ పొరపాటే ఈ వ్యాసానికి ప్రేరణ. వైద్యశాస్త్ర విషయాలను తెలుగులో వివరించడంతోపాటు, రోగి మాటకూ పరీక్షా గదికీ మధ్య ఏం జారిపోతోందో పరిశీలించడం భాషా పరిశోధకుల పని కూడా అని నా అభిప్రాయం. ఈ వ్యాసం వైద్య సలహా కాదు. ఇక్కడ చెప్పిన పరీక్షలను శిక్షణ పొందినవారు మాత్రమే చేయాలి.

2. లోపలి చెవి – సమతుల్యత:

చెవి అనగానే వినికిడి గుర్తుకు వస్తుంది. కాని లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన కర్ణావర్తం పక్కనే, సమతుల్యతకు సంబంధించిన మరో ఐదు జ్ఞానేంద్రియ భాగాలు ఉన్నాయి. వాటిలో మూడు అర్ధవర్తుల కుల్యలు. ఇవి ఒకదానికొకటి సుమారు లంబకోణంలో అమరి, తల ఏ దిశలో తిరిగినా ఆ తిరుగుడును గుర్తిస్తాయి. మిగిలిన రెండు యుట్రికిల్, శాక్యూల్ అనే సంచులు. వీటిలోని జిగురు పొరపై కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన సూక్ష్మ స్ఫటికాలుంటాయి. తల వంగినప్పుడు, శరీరం ముందుకో పైకో కదిలినప్పుడు ఆ స్ఫటికాల బరువు వల్ల పొర జరిగి, కింది రోమకణాలకు ఆ సమాచారం అందుతుంది.

కుల్యల పనిని మన ఆడపిల్లలు ‘ఒప్పులకుప్ప’ ఆటలో ఎన్నడో కనిపెట్టారు. చేతులు పెనవేసుకుని గిరగిర తిరిగి హఠాత్తుగా ఆగితే, శరీరం ఆగినా చుట్టూ ఉన్న ఇళ్ళూ చెట్లూ తిరుగుతూనే ఉంటాయి. కుల్యల్లోని అంతరలసిక అనే ద్రవం జడత్వం వల్ల ఇంకా కదులుతూ, తల తిరుగుతోందనే తప్పుడు సంకేతాన్ని మెదడుకు పంపడమే ఇందుకు కారణం. ఆ క్షణంలో ఆ పిల్ల కళ్ళను ఎదుటివారు గమనిస్తే, కనుగుడ్లు ఒక పక్కకు మెల్లగా జరిగి, వెంటనే రెండో పక్కకు వేగంగా ఎగరడం కనిపిస్తుంది. ఈ లయబద్ధమైన కదలికనే వైద్యులు ‘నిస్టాగ్మస్’ అంటారు.

చెవికీ కంటికీ ఈ సంబంధం ఎందుకుంది? మనం నడుస్తున్నప్పుడు తల ఊగుతున్నా ఎదుటి బోర్డు మీది అక్షరాలు స్థిరంగానే కనిపిస్తాయి. తల కుడికి కదిలితే, అంతే కొలతతో కళ్ళు ఎడమకు కదిలేటట్టు లోపలి చెవి ఆజ్ఞ ఇస్తుంది. సెకనులో వందో వంతు కంటే తక్కువ కాలంలో జరిగే ఈ ప్రతిచర్య లేకపోతే లోకమంతా అదురుతూ కనిపిస్తుంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వాడిన తొలి రోజుల్లో ఆ మందు వల్ల రెండు చెవుల సమతుల్యతనూ కోల్పోయిన ఒక వైద్యుడు, తన అనుభవాన్ని 1952లో పొడి అక్షరాల పేరుతో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ప్రకటించాడు. గుండె కొట్టుకునేటప్పుడు తలకు కలిగే చిన్న కదలికకే పుటమీది అక్షరాలు ఎగిరేవనీ, మంచం తలవైపు లోహపు కడ్డీల మధ్య తలను బిగించి పెట్టుకుంటే తప్ప చదవలేకపోయేవాడిననీ అందులో రాశాడు.

లోపలి చెవి కంటికి కనిపించదు, చేతికి అందదు. కాని అది కంటిని నడిపిస్తుంది కనుక, కంటి ద్వారా దాన్ని చదవవచ్చు. సమతుల్యతా పరీక్షలలో అధిక భాగం ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

3. తెలుగు మాటలు – భిన్న అనుభవాలు:

తెలుగులో ‘కళ్ళు తిరగడం’ చాలా విస్తృతమైన పదబంధం. ‘ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయాడు’ అన్నప్పుడు అది స్పృహ తప్పడం. ‘పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నప్పుడు అది నీరసం. ‘మంచం మీద పక్కకు ఒత్తిగిలితే కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నప్పుడు అది పరిసరాలు గిర్రున తిరుగుతున్న భ్రాంతి. ‘ధర విని కళ్ళు తిరిగాయి’ అన్నప్పుడు అది కేవలం ఆశ్చర్యం. క్రియ ఒక్కటే, అర్థాన్ని నిర్ణయించేది సందర్భం.

దీని చుట్టూ మరికొన్ని పలుకుబళ్ళున్నాయి. ‘కళ్ళు బైర్లు కమ్మడం’ చూపు చీకటి కావడాన్ని, ‘తల దిమ్ముగా ఉండడం’ మందకొడితనాన్ని, ‘తూలడం’ నడకలో పట్టు తప్పడాన్ని, ‘సొమ్మసిల్లడం’ స్పృహ జారడాన్ని సూచిస్తాయి. తిరుగుడుతోపాటు వాంతులుంటే ‘పైత్యం చేసింది’ అనడం కద్దు. ‘తూగు’ అనే ధాతువు మరింత ఆసక్తికరమైనది. తూకానికి, సరితూగడానికి మూలమైన ఈ మాటే కునికిపాట్లు పడుతూ ఊగడానికీ వాడుకలో ఉంది. నిలకడ, ఊగిసలాట రెండూ ఒకే ధాతువులో ఉండడం, సమతుల్యత అంటే కదలకపోవడం కాదనీ, నిరంతరం సరిచేసుకుంటూ ఉండడమనీ గుర్తుచేస్తుంది.

ఈ భేదాలను గుర్తించడం కొత్త విషయమేమీ కాదు. ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానం మూర్ఛ, భ్రమ, నిద్ర, తంద్ర మొదలైన స్థితులను ఒకే అధ్యాయంలో చేర్చి, వాటి భేదాలను విడివిడిగా నిరూపించింది. ఆధునిక కాలంలో 1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే అమెరికన్ వైద్యులు ఈ రకమైన ఫిర్యాదులను నాలుగుగా విభజించారు: పరిసరాలు తిరిగినట్టుండడం, స్పృహ తప్పబోతున్నట్టుండడం, నిలకడ తప్పడం, వీటిలో దేనికీ చెందని తేలికపాటి మత్తు. 2009లో బరానీ సొసైటీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రకటించిన వర్గీకరణ ప్రకారం, కదలిక లేనప్పుడు కదులుతున్నట్టు అనిపించడం ‘వర్టిగో’. అలాంటి కదలిక భ్రాంతి లేకుండా, తాను ఎక్కడ ఎలా ఉన్నాననే దిశాజ్ఞానం చెదరడం ‘డిజినెస్’. మన ఆసుపత్రుల్లో ఈ రెండింటికీ ‘గిడ్డీనెస్’ అనే మరో మాట కలిసి, తెలుగు రోగి చెప్పిన ఒకే పలుకుబడి మూడు ఇంగ్లీషు మాటల్లో ఏదో ఒకదానిగా నమోదవుతుంది.

4. రోగి కథనం – మొదటి పరీక్ష:

అలాగైతే రోగి చేత సరైన పదం చెప్పిస్తే సమస్య తీరుతుందా? తీరదు. 2007లో న్యూమన్-టోకర్ బృందం అత్యవసర విభాగానికి వచ్చిన రోగులను తమ బాధ ఏ రకానిదో ఎంచుకోమని అడిగి, కొద్ది నిమిషాల తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వేసింది. దాదాపు సగం మంది రెండోసారి వేరే జవాబు ఇచ్చారు. ఆ అధ్యయనం జరిగింది ఇంగ్లీషులో. కాబట్టి ఇది తెలుగు భాషకు ఉన్న లోపం కాదు. శరీరంలోని ఈ అనుభవమే పదానికి సులభంగా లొంగనిది. అయితే ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్న ప్రశ్నలకు రోగులు చాలా స్థిరంగా జవాబివ్వగలిగారు.

లోపలి చెవి వ్యాధులు కాలాన్ని బట్టి బాగా విడిపోతాయి. పడుకున్నప్పుడు, పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు వచ్చి నిమిషం లోపు తగ్గే తిరుగుడు సాధారణంగా స్ఫటికాలు కుల్యలోకి జారడం వల్ల కలుగుతుంది. దీన్ని బి.పి.పి.వి. అంటారు. 20 నిమిషాల నుంచి 12 గంటల వరకు ఉండి, చెవిలో హోరు, వినికిడి తగ్గడం తోడైతే మెనియర్ వ్యాధిని అనుమానిస్తారు. ఒక్కసారిగా మొదలై రోజుల తరబడి ఆగకుండా ఉంటే సమతుల్యతా నాడి వాపు కావచ్చు, మెదడులో పక్షవాతమూ కావచ్చు. లేచి నిలబడినప్పుడు మాత్రమే వచ్చే బాధకు కారణం చాలాసార్లు రక్తపోటు. పడుకున్నప్పుడు వచ్చే దానికి అది కారణం కావడం అరుదు.

అందువల్ల “గిడ్డీనెస్ ఉందా?” అన్న ప్రశ్న కంటే “ఏ పని చేస్తుంటే వచ్చిందమ్మా? ఎంతసేపు ఉంది? అప్పుడు మీరు ఏం పట్టుకున్నారు?” అన్న ప్రశ్నలు ఎక్కువ పనికి వస్తాయి. అటక మీది డబ్బా అందుకోవడానికి తల ఎత్తినప్పుడా, ముగ్గు వేయడానికి వంగినప్పుడా, ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడా అని అడిగితే రోగికి తన అనుభవం గుర్తుకు వస్తుంది. తెలుగు వాక్యంలో షరతు ముందు వస్తుంది, బాధ తర్వాత వస్తుంది. ‘వాలితే’, ‘లేస్తే’, ‘ఒత్తిగిలితే’ అన్న చేదర్థక రూపాలలోనే నిర్ధారణకు కావలసిన సమాచారం ఉంది. మా అమ్మ మాటలో నేను తొలగించింది సరిగ్గా ఆ ఒక్క రూపాన్నే.

చరిత్రలోనూ తప్పు పేరు తప్పు చికిత్సకు దారితీసింది. పారిస్‌లో బధిరుల విద్యాసంస్థకు వైద్యుడైన ప్రోస్పర్ మెనియర్ 1861లో తన పరిశీలనలను ప్రకటించే వరకు, ఇలాంటి తిరుగుడును మెదడులో రక్తం అధికంగా నిండిపోవడంగా భావించేవారు. రక్తం తీయడం వంటి చికిత్సలు చేసేవారు. అంతకు ముందే, 1820లలో, ఫ్లోరాన్స్ పావురాల అర్ధవర్తుల కుల్యలను కోసి, ఏ కుల్యను కోస్తే ఆ తలంలో పక్షి తల ఊగుతుందని చూపించాడు. ఈ ప్రయోగ ఫలితాన్ని రోగుల కథనాలతో కలిపి, దోషం చెవిలో ఉందని చెప్పిన ఘనత మెనియర్‌ది.

5. మంచం పక్కన చేసే పరీక్షలు:

5.1 డిక్స్-హాల్‌పైక్ పరీక్ష:

1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించిన ఈ పరీక్షకు ఒక మంచం, చూడగల రెండు కళ్ళు చాలు. రోగిని కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, తల మంచం అంచు నుంచి కొద్దిగా కిందికి వాలేటట్టు వేగంగా వెనక్కి పడుకోబెడతారు. ఆ పక్క చెవి పృష్ఠ కుల్యలో జారిన స్ఫటికాలుంటే కొన్ని సెకన్ల ఆలస్యం తర్వాత నిస్టాగ్మస్ మొదలవుతుంది. కనుగుడ్డు పైకి ఎగురుతూ, తన అక్షం చుట్టూ తాను మెలి తిరుగుతుంది. సాధారణంగా నిమిషం లోపే ఆగిపోతుంది. లేపి కూర్చోబెడితే దిశ మారుతుంది. మళ్ళీ చేస్తే తీవ్రత తగ్గుతుంది.

ఇక్కడ తెలుగు పలుకుబడి ఒక విచిత్రమైన యథార్థాన్ని చెబుతోంది. రోగి కళ్ళు నిజంగానే తిరుగుతున్నాయి. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న మాటను అక్షరాలా తీసుకుని, ఆ కళ్ళలోకి చూడడమే ఈ పరీక్ష. నీరసమనీ, బలహీనతనీ దానికి వ్యాఖ్యానం రాసినవారు ఆ మాటకున్న వాచ్యార్థాన్ని వదులుకున్నారు.

పరీక్ష ఫలించడానికి భాష కూడా కావాలి. తల వాల్చగానే లోకం తిరగడంతో రోగి భయపడి కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. అప్పుడు చూడవలసినది కనబడదు. “ఇప్పుడు తిరిగినట్టు ఉంటుంది, కాసేపట్లో ఆగిపోతుంది, నేను పట్టుకునే ఉంటాను, కళ్ళు మాత్రం తెరిచే ఉంచండి” అని ముందుగా, రోగి భాషలో చెప్పాలి. దోషం తేలితే, తలను వరుసగా కొన్ని భంగిమలలో తిప్పి స్ఫటికాలను తిరిగి యుట్రికిల్‌లోకి జారవిడిచే విధానాన్ని 1992లో జాన్ ఎప్లీ ప్రచురించాడు. అమెరికన్ చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2017 నాటి మార్గదర్శకాలు కూడా ఈ వ్యాధికి తిరుగుడును అణచే మాత్రలను మామూలుగా వాడవద్దని, ఇలాంటి భంగిమల చికిత్సనే చేయమని చెబుతున్నాయి.

5.2 తల కుదుపు పరీక్ష:

హాల్మాగీ, కర్తాయిస్ 1988లో వివరించిన ఈ పరీక్షలో, రోగి పరీక్షకుని ముక్కుపై చూపు నిలుపుతాడు. పరీక్షకుడు రోగి తలను చాలా తక్కువ దూరం, కాని చాలా వేగంగా పక్కకు తిప్పుతాడు. లోపలి చెవి బాగుంటే చూపు ముక్కుపైనే నిలుస్తుంది. ఆ వైపు చెవి దెబ్బతిని ఉంటే కళ్ళు తలతోపాటే జారి, తర్వాత ఒక్క ఎగురుతో ముక్కు మీదికి తిరిగి వస్తాయి. ఆ ఎగురే దోషానికి గుర్తు.

దీనిలో ఒక విపర్యయం ఉంది. ఆగకుండా తిరుగుడుతో, నిస్టాగ్మస్‌తో వచ్చిన రోగిలో ఈ పరీక్ష సక్రమంగా ఉంటే సంతోషించరాదు. దోషం చెవిలో లేదు కనుక మెదడులో ఉండవచ్చు. 2009లో కాట్టా బృందం ఈ పరీక్షకు, చూపు దిశను బట్టి నిస్టాగ్మస్ దిశ మారుతోందా, రెండు కళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయా అన్న మరో రెండు పరిశీలనలను జోడించి, పక్షవాతాన్ని మంచం పక్కనే గుర్తించే పద్ధతిని వివరించింది. మాట ముద్దగా రావడం, వస్తువులు రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం తోడైన తిరుగుడును ‘పైత్యం’ అని ఇంట్లో ఉంచుకోరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

5.3 నిలబడి, నడిచి చేసే పరీక్షలు:

నిలకడకు మూడు ఆధారాలున్నాయి: చూపు, పాదాలూ కీళ్ళూ అందించే స్పర్శజ్ఞానం, లోపలి చెవి. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబర్గ్ పేరుతో ఉన్న పరీక్షలో పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమంటారు. చూపు అనే ఆధారాన్ని తీసివేసి, మిగిలిన రెండింటి బలాన్ని చూడడం దీని ఉద్దేశం. చాలాకాలంగా చెవి దోషమున్నవారు గట్టి నేలపై ఈ పరీక్షలో నెగ్గవచ్చు. అందుకని 1986లో షమ్‌వే-కుక్, హోరాక్ మెత్తని ఫోమ్ దిండుపై నిలబెట్టే పద్ధతిని సూచించారు. మెత్తని ఆధారం వల్ల పాదాల సమాచారం నమ్మదగినది కాకుండా పోతుంది. కళ్ళు మూస్తే మిగిలేది లోపలి చెవి ఒక్కటే. గచ్చు నేలపై బాగానే నడిచే వ్యక్తి చీకట్లో పొలం గట్టు మీదనో, ఇసుకలోనో తూలిపోవడానికి కారణం ఇదే.

కళ్ళు మూసుకుని ఉన్నచోటనే అడుగులు వేయించే పరీక్ష ఉంటర్‌బెర్గర్, ఫుకుడా పేర్లతో ప్రసిద్ధం. చెవి బలహీనపడిన వైపుకు శరీరం క్రమంగా తిరుగుతుందని దీని భావన. కాని ఆరోగ్యవంతులు కూడా కొంత తిరుగుతారు కనుక ఈ ఒక్క పరీక్షతో నిర్ణయానికి రావడం తగదు.

6. ప్రయోగశాల పరీక్షలు:

మనిషి చూపును ఏదైనా వస్తువుపై నిలిపితే చెవి వల్ల కలిగే నిస్టాగ్మస్ అణగిపోతుంది. అందుకని చీకటి కళ్ళద్దాలలో పరారుణ కెమెరాలు అమర్చి కనుగుడ్ల కదలికను నమోదు చేస్తారు. ఈ విధానాన్ని వీడియో నిస్టాగ్మోగ్రఫీ అంటారు. దీనిలో భాగంగా చేసే ముఖ్యమైన పరీక్ష కెలోరిక్ పరీక్ష.

వియన్నాలో పనిచేసిన రాబర్ట్ బరానీ, రోగుల చెవులను నీటితో శుభ్రం చేస్తున్నప్పుడు కొందరికి తిరుగుడు రావడం గమనించాడు. నీరు చల్లగా ఉంటే కళ్ళు ఒక దిశలో, వెచ్చగా ఉంటే వ్యతిరేక దిశలో ఎగరడం ఆయనను ఆలోచింపజేసింది. ఉష్ణోగ్రత తేడా వల్ల కుల్యలోని ద్రవం కదులుతుందని ఆయన వివరించాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు లభించినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. 1942లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ ఈ పరీక్షను ప్రమాణీకరించారు. శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల సెల్సియస్‌కు 7 డిగ్రీలు తక్కువగా, 7 డిగ్రీలు ఎక్కువగా, అంటే 30, 44 డిగ్రీల నీటిని ఒక్కో చెవిలోకి పంపి రెండు చెవుల ప్రతిస్పందనలను పోలుస్తారు. కర్ణభేరికి రంధ్రం ఉంటే నీటిని వాడరు. 1983లో అంతరిక్షంలోని స్పేస్‌ల్యాబ్‌లో, ద్రవం వేడెక్కి పైకి లేవడానికి అవకాశం లేని భారరహిత స్థితిలో కూడా ఈ ప్రతిస్పందన కనిపించింది. కనుక బరానీ వివరణ ప్రధానమైనదే అయినా సంపూర్ణం కాదని తేలింది.

ఈ పరీక్షలో రోగి మనస్సు మెలకువగా ఉండాలి. మగతగా ఉంటే నిస్టాగ్మస్ తగ్గి, బాగున్న చెవి కూడా చెడినట్టు నమోదవుతుంది. అందుకని పరీక్ష జరుగుతున్నంతసేపు రోగిని మాట్లాడిస్తూ ఉంటారు. ఇంగ్లీషులో అంకెలు వెనక్కి లెక్కపెట్టమంటే తెలియని రోగి మౌనంగా ఉండిపోవచ్చు. తెలుగు నెలలో, బంధువుల పేర్లో, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లో చెప్పమంటే ఆ పని సులువవుతుంది. పరీక్ష ఫలితంలోని అంకెను కూడా రోగి భాష ప్రభావితం చేయగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ప్రతి పరీక్షా లోపలి చెవిలో ఒక భాగాన్ని, ఒక వేగాన్ని మాత్రమే తాకుతుంది. కెలోరిక్ పరీక్ష చాలా నెమ్మదైన ప్రేరణ. తల కుదుపు పరీక్ష చాలా వేగమైనది. మెనియర్ వ్యాధిలో మొదటిది చెడి, రెండోది బాగుండడం తరచు కనిపిస్తుంది. రెండు చెవులూ ఒకేసారి బలహీనపడితే తిరిగే కుర్చీ పరీక్ష ఉపయోగపడుతుంది. స్ఫటికాల సంచుల కోసం 1990లలో కోల్‌బ్యాచ్, హాల్మాగీ ప్రవేశపెట్టిన ‘వెంప్’ పరీక్ష ఉంది. చెవిలో పెద్ద శబ్దం వినిపించి, మెడ కండరంలో కలిగే క్షణికమైన సడలింపును విద్యుత్ సంకేతంగా నమోదు చేస్తే శాక్యూల్ స్థితి తెలుస్తుంది. కంటి కింద నమోదు చేస్తే ప్రధానంగా యుట్రికిల్ స్థితి తెలుస్తుంది. కదిలే వేదికపై నిలబెట్టి చేసే పోస్చరోగ్రఫీలో ఆరు పరిస్థితులుంటాయి. నేల నుంచి వచ్చే సమాచారం చెదిరి, చూపు కూడా లేకపోయిన లేదా తప్పుదారి పట్టిన ఐదు, ఆరు పరిస్థితులలో పడిపోయేవారిలో లోపలి చెవి బలహీనతను అనుమానిస్తారు.

తిరుగుడును అణచే మాత్రలు ఈ ఫలితాలను మరుగుపరచగలవు. కాబట్టి పరీక్షకు ముందు ఏ మాత్రలు ఆపాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. రోగి తనంతట తాను ఏ మందూ మానకూడదు.

7. ప్రశ్నావళి – అనువాద సమస్య:

యంత్రాలు చెవి ఎంత పనిచేస్తోందో చెబుతాయి. మనిషి ఎంత బాధపడుతున్నాడో చెప్పలేవు. 1990లో జాకబ్‌సన్, న్యూమన్ రూపొందించిన డిజినెస్ హ్యాండికాప్ ఇన్వెంటరీ ఈ లోటును పూరిస్తుంది. ఇందులో 25 ప్రశ్నలుంటాయి. ‘అవును’కు 4, ‘ఒక్కొక్కప్పుడు’కు 2, ‘కాదు’కు 0 చొప్పున మొత్తం 100 మార్కులు. శారీరక, భావోద్వేగ, దైనందిన జీవన విభాగాలలో బాధను ఇది కొలుస్తుంది.

దీన్ని తెలుగులో అడగాలంటే మాటకు మాట పెడితే చాలదు. సూపర్‌మార్కెట్ అరల మధ్య నడకను గురించిన ఒక ప్రశ్న ఇందులో ఉంది. దాని అసలు లక్ష్యం కొనుగోలు కాదు. రెండు పక్కలా రంగురంగుల వస్తువులను చూస్తూ, తల తిప్పుతూ నడవడం. పల్లెటూరి రోగికి ఆ అనుభవం సంతలోనో రైతుబజారులోనో దొరుకుతుంది. ‘సూపర్‌మార్కెట్’ను అలాగే ఉంచితే, వెళ్ళే అలవాటు లేని రోగి ‘కాదు’ అంటుంది. ఆమె బాధ నాలుగు మార్కులు తగ్గుతుంది. ఇతరుల ముందు సిగ్గుపడుతున్నారా అన్న అర్థం వచ్చే ప్రశ్న కూడా ఇలాంటిదే. తూలుతూ నడిస్తే తాగి ఉన్నాడనుకుంటారేమోనన్న బెరుకు మన సమాజంలో బలమైనది. అది ‘సిగ్గు’ అన్న ఒక్క మాటలో ఇమడదు.

అందువల్ల ప్రశ్నావళి అనువాదంలో ఒకరు తెలుగు చేయడం, మరొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చి పోల్చడం, తర్వాత వేర్వేరు ప్రాంతాల రోగులతో చదివించి చూడడం అవసరం. మొదటి రెండు దశలలో భాషా శాఖలు, చివరి దశలో క్షేత్ర పరిశోధన చేసిన మాండలిక పరిశోధకులు వైద్యులకు తోడ్పడగలరు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. లోపలి చెవి సమతుల్యతను నేరుగా చూడలేము. కంటి కదలిక, శరీర నిలకడ, కండరాల ప్రతిస్పందన అనే మూడు మార్గాలలో దాన్ని పరోక్షంగా చదువుతాము.

2. ఏ ఒక్క పరీక్షా సంపూర్ణం కాదు. ఒక పరీక్ష సక్రమంగా ఉన్నంతమాత్రాన రోగి చెప్పినది అబద్ధం కాదు.

3. ‘కళ్ళు తిరగడం’ అన్న మాట ఒక్కటే వ్యాధిని నిర్ణయించదు. ఆ మాటకు ముందున్న షరతు, వెనుక ఉన్న కాలపరిమితి కలిసినప్పుడే దానికి వైద్యపరమైన అర్థం ఏర్పడుతుంది.

4. పరీక్షకు ముందు ఇచ్చే సూచనలు, పరీక్ష మధ్య సాగే మాటలు, తర్వాత నింపే ప్రశ్నావళి రోగి భాషలో లేకపోతే ఫలితమే మారవచ్చు.

ఆసుపత్రికి రోగి వెంట వెళ్ళే కొడుకో, కూతురో, పొరుగువారో తెలియకుండానే అనువాదకులవుతారు. ఆ అనువాదం క్లుప్తంగా ఉండనవసరం లేదు, యథాతథంగా ఉంటే చాలు. మా అమ్మ ఇప్పుడు మంచం మీదనే పడుకుంటోంది. స్ఫటికాలు మళ్ళీ జారే అవకాశం ఉన్నదని ఆడియాలజిస్టు ముందే చెప్పారు. జారిన రోజున నేను వైద్యుని దగ్గర చెప్పవలసిన వాక్యం ఆమెదే: “వాలితే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి.”